సుబేదారు బుల్లిబాబు గారి ఎడమ కన్ను

ముందు అంకెలు వినిపించాయి.

"నాలుగు, ఒకటి, తొమ్మిది, రెండు, ఆరు. ఎనిమిది, సున్నా, మూడు, మూడు, ఏడు..."

జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డు మీద ఎండ అప్పుడే గోడల మీంచి కిందికి దిగుతోంది. బుల్లిబాబు గారి కళ్లజోళ్ల కొట్టు తలుపు తెరిచే ఉంది గానీ లోపల ఎవరూ లేరు. గోడకి తగిలించిన ఫ్రేములన్నీ, ముఖాలు లేకుండానే, వీధిలోకి చూస్తున్నాయి. అంకెలు మాత్రం మేడ మీంచి కుట్టుమిషను నడిచినట్టు ఒకే వేగంతో రాలుతున్నాయి. ఒక విడత అయ్యాక చిన్న ఊపిరి. మళ్లీ మొదటినుంచి.

ఆ అంకెల గురించి వీధిలో రెండు అభిప్రాయాలున్నాయి. ఎదురుగా ఎరువుల కొట్టు రామకోటేశ్వరరావు గారు అది షేర్ మార్కెట్టు వ్యవహారం అంటారు. పక్కింటివాళ్లు ఏదో దీక్ష పట్టారంటారు. మజ్జిగ గ్లాసుతో వచ్చిన ఆయన భార్య రత్తమ్మ గారు నాకు అసలు సంగతి చెప్పారు.

"ఆయన పాసవుతున్నారండి."

"ఎందులో?"

"ఆయన పరీక్షలోనే. ఆయనే పెట్టుకుని, ఆయనే కూర్చుని, ఆయనే పాసవుతున్నారు. ఇంకో రెండ్రోజులు ఆగితే ఫస్టుక్లాసు కూడా వచ్చిద్ది."

అప్పుడు దిగారు బుల్లిబాబు గారు. మెట్ల కడ్డీని చేత్తో వదలకుండా, ఒక్కో మెట్టునీ ముందు పాదంతో తడిమి, తర్వాత నమ్మి. సైన్యం ఆయన్ని వదిలి ఏళ్లవుతున్నా ఆయన చొక్కా మడత మాత్రం సైన్యాన్ని వదల్లేదు. మీసం కూడా పరేడుకి సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది.

"మాస్టారూ, ఏమంటోంది మా రత్తం? నా మీద చాడీలేగా?"

"మీరు పాసవుతున్నారని చెప్తున్నారండి."

"అవుతా. చూస్తూ ఉండండి." ఆయన జేబులోంచి బాల్‌పెన్ను తీసి, అలవాటుగా నా ముక్కుకి ఎదురుగా పట్టుకుని, ఎడమకి జరిపారు. నా కళ్లు దాని వెంట వెళ్లాయి. కుడికి జరిపారు. వెళ్లాయి. "మీరు ఫిట్. మజ్జిగ తాగండి."

ఈ ఊళ్లో ఆ పెన్ను వెంట చూపు పోనివ్వని మనిషి లేడు. పాలు పోసే ఆవిడ చూసింది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు మీటరు కంటే ముందు దాన్ని చూశాడు. ఒకసారి పెళ్లికి వెళ్లి, పీటల మీద కూర్చోబోతున్న పెళ్లికొడుకుని కూడా ఆపబోతే రత్తమ్మ గారు చెయ్యి పట్టి లాగారట.

ఆయన పుట్టింది కృష్ణ ఒడ్డున, చెవిటికల్లులో. ఇంట్లో మిరపతోటలు, పత్తి చేలు. నీళ్ల మీద పడవలు పోతుంటే చూస్తూ పెరిగారు. ఏటిగట్టు మీద పరుగెత్తి, ఆ పరుగుతోనే గుంటూరు సెలక్షన్లలో నెగ్గి సైన్యంలో చేరారు. టాంకు నడుపుతానని కలలు కంటే, వాళ్లు వైద్య విభాగంలో వేసి, చేతికి ఒక టార్చిలైటూ, అద్దాల పెట్టే ఇచ్చారు. కళ్లు పరీక్షించే పని. సెలవులకి వచ్చినప్పుడల్లా ఊళ్లో అడిగేవారట, ఎందర్ని కాల్చావురా అని. ఎందరికి కళ్లజోళ్లు పెట్టానో చెప్పమంటారా అని ఈయన.

"పెళ్లిచూపులప్పుడు మా నాన్న మిలటరీ అల్లుడొస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నాడండి," అంటారు రత్తమ్మ గారు. "తీరా వచ్చినాయన అందరి కళ్లల్లోకీ టార్చి వేసి చూసి, మా నాన్నకి శుక్లం ఉందని చెప్పి పోయాడు. కట్నం సంగతి మర్చిపోయి మా నాన్న కంటాసుపత్రికి పోయాడు."

"శుక్లం ఉందా లేదా?"

"ఉంది."

"మరింకేం?"

ఆయన సర్వీసులో చివరి సగమంతా ఉత్తరాన ఒక మిలటరీ ఆసుపత్రిలో గడిచింది. అక్కడికి తలకి చిన్న దెబ్బ తగిలిన జవాన్లు వచ్చేవారు. జీపు ఎగిరిపడి పైకప్పుకి తల కొట్టుకున్నవాడు, మంచు మీద జారినవాడు, దగ్గర్లో ఏదో పేలితే ఆ గాలికి విసిరేసినట్టు పడ్డవాడు. నెత్తురు లేదు, కట్టు లేదు. స్కానింగులో ఏమీ లేదు. పేరు చెప్తాడు, నవ్వుతాడు, రొట్టెలు తింటాడు. చూపు మాత్రం తడబడుతుంది.

బుల్లిబాబు గారు దాన్ని ఏటి భాషలోనే చెప్తారు. రెండు కళ్లూ ఒకే పడవకి రెండు తెడ్లు. కలిసి పడాలి, కలిసి లేవాలి. తలకి దెబ్బ తగిలితే ఒక తెడ్డు అరక్షణం ఆలస్యంగా పడుతుంది. పడవ మునిగిపోదు. కొంచెం పక్కకి తిరుగుతుంది. చదివే వరస జారిపోతుంది, దగ్గరి వస్తువు రెండవుతుంది, ఎదురుగా వచ్చే లారీ ఏ పక్కనుందో ఒక్క రెప్పపాటు తెలియదు. ఆ మనిషి మాత్రం నీళ్లే వంకరగా పోతున్నాయనుకుంటాడు.

ఆ ఆలస్యాన్ని పట్టుకోవడమే ఈయన పని. పెన్ను అటూ ఇటూ జరిపి చూపు వెంట వస్తోందా అని చూడటం. దాన్నే ముక్కు దగ్గరికి తెచ్చి ఎక్కడ రెండుగా కనిపిస్తుందో అడగటం. చివరికి ఒక అట్ట ఇవ్వటం. దాని మీద అంకెలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా చల్లినట్టు ఉంటాయి. వరసలు తప్పకుండా గబగబా పైకి చదవాలి. చూపు తడబడేవాడు వరస తప్పుతాడు, నెమ్మదిస్తాడు. ఈయన చూసింది కాగితం మీద పెడితే, దాన్ని బట్టి డాక్టరు నిర్ణయం చేసేవాడు.

జవాన్లు మాత్రం ఊరుకుంటారా? ఫిట్ కాదంటే కొండల మీది డ్యూటీ పోతుంది, కోర్సు పోతుంది, ప్రమోషను పోతుంది. అందుకని ఆ అట్టని బట్టీ పట్టేవారు. ఒక బారకులో నేర్చుకున్నవాడు ఇంకో బారకులో నేర్పేవాడు. వంటశాలలో చపాతీలు ఒత్తేవాళ్లు కూడా ఆ అంకెల లయకే కర్ర తిప్పేవారట. తల తిరిగి తూలుతూ వచ్చినవాడు సైతం అట్ట చేతికిస్తే చిలకలాగా అప్పజెప్పేసి సెల్యూట్ కొట్టేవాడు.

ఈయన వారం రోజులు దిగులుపడి తిరిగి, శనివారం సాయంత్రం క్వార్టర్సులో ఆడవాళ్ల తంబోలాకి రత్తమ్మ గారి వెంట వెళ్లారు. సైన్యంలో ఉన్న కుటుంబాలకి తంబోలా అంటే మనకి వాన అంటే ఎంతో అంత. ఒకరు అంకెలు పిలుస్తుంటారు, అందరూ తమ చీటీలో వెతికి కొట్టేస్తుంటారు. రత్తమ్మ గారు అందులో ఆరితేరిన మనిషి. ఈయన ఆవిడ చీటీ చూడలేదు, ఆవిడ కళ్లు చూశారు. ఖాళీ గడి మీంచి అంకె మీదికి, అక్కణ్ణుంచి ఇంకో ఖాళీ దాటి ఇంకో అంకె మీదికి, వానచినుకుల మధ్య నడిచినట్టు వెళ్తున్నాయి. చీటీల్లో అంకెల మధ్య ఖాళీలు అచ్చం తన అట్టలో ఉన్నట్టే ఉన్నాయి. తేడా ఒక్కటే. ఏ చీటీ ఇంకో చీటీలా ఉండదు. బట్టీ పట్టడం ఎవరి తరమూ కాదు.

సోమవారం నుంచి అట్ట అప్పజెప్పిన ప్రతివాడి చేతిలోనూ ఒక తంబోలా చీటీ పెట్టడం మొదలుపెట్టారు. డాక్టరు ముందు నవ్వాడు, తర్వాత తనే బజారు నుంచి చీటీల కట్ట తెప్పించాడు.

"ఆలోచన నాది. మెడల్సు ఆయనకి," అన్నారు రత్తమ్మ గారు.

"మెడల్సెక్కడే? ఒక కప్పు టీ ఇచ్చారు."

"అందులో సగం కూడా నాకు పొయ్యలా."

ఇంతకీ ఈయన మేడ మీద కూర్చుని తన అట్టని తనే బట్టీ పట్టవలసిన అవసరం ఎందుకొచ్చింది?

మే నెలలో వేదాద్రి వెళ్లి వస్తున్నారు, బులెట్ మీద, ఒక్కరే. ఎండాకాలంలో మా వైపు తారురోడ్డంటే సగం బళ్లకి, సగం మొక్కజొన్నలకి. రైతులు గింజలు ఆరబోస్తే రోడ్డు పొడుగునా పసుపు పచ్చగా ఎండ పండినట్టుంటుంది. బులెట్ ఆ ఎండలోకి నడిచింది. చక్రం కింద గింజలు దొర్లాయి. హెల్మెట్ ఉంది కాబట్టి మనిషి మిగిలారు. కళ్లాల దగ్గరున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి, ముందు గింజలు చూసుకుని, తర్వాత ఈయన్ని లేపారట. బెజవాడలో స్కానింగ్ తీసి, లోపల ఏమీ లేదన్నారు. కొన్ని వారాలు విశ్రాంతిగా ఉండమన్నారు, బండి ముట్టుకోవద్దన్నారు, మెల్లగా అదే సర్దుకుంటుందన్నారు.

ఏమీ లేదన్న మాట ఒక్కటే ఈయన చెవిన పడింది.

రత్తమ్మ గారు మిగతావి చూస్తూ వచ్చారు. టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు చదవాలంటే ఒక కన్ను మూస్తున్నారు. పేపరు మీద వేలు పెట్టుకుని చదువుతున్నారు. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టబోయి, బల్ల అంచు పక్కన గాలిలో పెట్టారు. "అదీ నా తప్పేనంట. బల్ల జరిపానంట," అన్నారావిడ.

ఈ సంగతులు అంతటితో ఆగేవే. కానీ జూన్ నెలాఖరున సికింద్రాబాదులో యూనిట్ పాతవాళ్లంతా కలుస్తున్నారు. ఈయన పడకముందే వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, నేనూ రత్తమ్మా బులెట్ మీద వస్తున్నామని. దాని కింద చాలామంది చప్పట్లు కొట్టారు. దేవరాజ్ ఒక్కడు మాత్రం బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

ఆ బొటనవేలే ఈయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. దేవరాజ్‌ది నందిగామ. సైన్యంలో పెద్ద లారీల డ్రైవరు. ఒకసారి కొండదారిలో బండి కుదుపుకి తల తగిలి ఈయన దగ్గరికొచ్చాడు. అట్ట అప్పజెప్పాడు. తంబోలా చీటీ దగ్గర వరస తప్పాడు. మన జిల్లావాడు, ఒకే భాష, వదిలేయండి సాబ్ అని కళ్లతోనే అడిగాడు. ఆ కళ్లే కుదరడం లేదని ఈయన కాగితం మీద పెట్టారు. దేవరాజ్ ప్రమోషను కోర్సు తప్పిపోయింది. ఆ తర్వాత ఎదురుపడితే సెల్యూట్ ఉంది, మాట లేదు. రిటైరయి వచ్చాక కూడా, నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య బస్సులు తిరిగాయి గానీ వీళ్ల మధ్య మాటలు తిరగలేదు.

"ఇప్పుడు ఆయన ముందు బస్సు దిగి, నా కన్ను బాగాలేదని చెప్పాలా? అదీ ఈయన బాధ," అన్నారు రత్తమ్మ గారు, భర్త వింటుండగానే. "నా బాధ నాకుంది. హైవే మీద లారీల మధ్యలో ఆ బులెట్ వెనక సీటు మీద కూర్చునేది నేను."

"నేను ఫిట్‌గా ఉన్నా."

"ఆదివారం పరీక్ష పెడతా. పాసైతే సీటెక్కుతా, లేకపోతే బండి కదలదు. సాక్షి మాస్టారు."

అట్లా నాకు ఆ ఉద్యోగం వచ్చింది.

ఆదివారం పొద్దున కొట్టు మూసి, లోపలి గదిలో కుర్చీ వేశారు. బుల్లిబాబు గారు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు. వస్తూనే అన్నారు, "రూల్సు నేను చెప్తా."

"పరీక్షకి కూర్చునేవాళ్లు మీరు. మీరు రూల్సు చెప్పేదేంటండి? కూర్చోండి."

కూర్చున్నారు. రత్తమ్మ గారు అట్ట చేతికిచ్చారు. నన్ను ఫోన్లో టైము చూడమన్నారు. ఇక అంకెలు మొదలయ్యాయి. అబ్బ, ఏం చదివారు! ఎక్కడా గుక్క తిప్పుకోలేదు, ఎక్కడా తట్టుకోలేదు. గోదారి రైలు వంతెన దాటినట్టు దాటేశారు. దాటి, మీసం మీద చెయ్యి వేసుకున్నారు.

"చూశారా మాస్టారూ?"

"చూశానండి. చాలా బాగా వచ్చింది."

"బాగానే వచ్చింది," అన్నారు రత్తమ్మ గారు. "ఆయన మాత్రం అట్ట చూడలా."

"చూస్తూనే చదివా!"

"కిటికీ చూస్తూ చదివారు. అక్కడ కాకి ఉంది. సగంలో దాన్ని నేనే తోలా, అప్పుడు కూడా మీరు ఆగలా."

బుల్లిబాబు గారు కిటికీ వైపు చూశారు. కాకి నిజంగానే లేదు.

తర్వాత పెన్ను. రత్తమ్మ గారు దాన్ని ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా దగ్గరికి తెచ్చారు. ఎక్కడ రెండుగా కనిపించాలో ఆయనకి తెలుసు కదా. సరిగ్గా అక్కడికి రాగానే, "ఆఁ, ఇప్పుడు రెండయింది," అన్నారు, పుస్తకంలో ఉన్నట్టు.

"ఆయన నోరు కాదు మాస్టారూ. కన్ను చూడండి." ఆవిడ పెన్ను వెనక్కి తీసుకెళ్లి మళ్లీ తెచ్చారు.

చూశాను. కుడి కన్ను పెన్నుతోపాటు వచ్చింది, ముక్కు దాకా, నమ్మకంగా. ఎడమ కన్ను సగం దూరం వచ్చింది. అక్కడ ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఆగింది. తర్వాత, తనకిక్కడ పనేమీ లేదన్నట్టు, చాలా మృదువుగా బయటి వైపుకి జారిపోయింది. అంత నిశ్శబ్దంగా ఒక మనిషిలోంచి ఇంకేదీ వెళ్లిపోవడం నేను చూడలేదు.

"కుడి కన్ను నా దగ్గరే ఉందండి," అన్నారు రత్తమ్మ గారు. "ఎడమ కన్ను గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ పోయింది."

"టోలు కట్టిందా మరి?" అన్నారు బుల్లిబాబు గారు.

రత్తమ్మ గారు పైట కొంగు సర్దుకుని, అలమరలోంచి తంబోలా చీటీ ఒకటి తీశారు. ఇచ్చే ముందు నా వైపు తిరిగారు.

"ఇప్పుడు లైటు సరిపోలా అంటారు చూడండి. తర్వాత ప్రింటింగు బాగాలేదంటారు. తర్వాత రాత్రి నిద్రపట్టలా అంటారు. ఈ మూడూ ఆ రోజుల్లో జవాన్లు ఆయనకి చెప్పినయ్యే. అన్నం తింటూ నాకు చెప్పి నవ్వేవారు."

ఆయన చీటీ అందుకున్నారు. మొదటి వరస చదివారు, నెమ్మదిగా. రెండో వరస మొదలుపెట్టి మూడో వరసలోకి జారారు. ఆగి, వెనక్కి వచ్చి, మొదటి వరసే మళ్లీ చదివారు. మళ్లీ చదివానని ఆయనకే తెలిసింది. చీటీని కొంచెం దూరంగా పట్టుకున్నారు. కొంచెం దగ్గరగా పట్టుకున్నారు.

"ఈ ప్రింటింగు..." అని, నోరు మూసుకున్నారు.

రత్తమ్మ గారు నవ్వలేదు. ఇంతసేపూ ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, ఏదో తిథి వెతుకుతున్నట్టు నిలబడ్డారు.

బుల్లిబాబు గారు చీటీని మడిచి బల్ల మీద పెట్టారు. వీపు నిటారుగా పెట్టుకుని, గుమ్మం వైపు చూసి, ఆసుపత్రిలో తర్వాతి జవానుని పిలిచినట్టు, "నెక్స్ట్," అన్నారు.

అన్నాక ఆయనకే తెలిసింది, గుమ్మంలో ఎవరూ లేరని.

ఆ తర్వాత రెండు మూడు రోజులు మేడ మీంచి అంకెలు వినపడలేదు. రామకోటేశ్వరరావు గారు కొట్లోంచి అడిగారు, మార్కెట్టు పడిందా ఏంది అని. నేను వెళ్లేసరికి లోపల చర్చ జరుగుతోంది.

"వెళ్లొద్దులే. పనుందని గ్రూపులో పెట్టేస్తా."

"మీకు పనుంటే ఉండండి. నేను వెళ్తా. అక్కడ నా స్నేహితులున్నారు, నా తంబోలా ఉంది. పొద్దున ఏడింటికి బస్సుంది."

"సుబేదారు పెళ్లాం బస్సులో వచ్చిందంటే ఏమనుకుంటారే?"

"బస్సులో వచ్చిందనుకుంటారు."

వీధిలో మొక్కజొన్న బస్తాల ట్రాక్టరు ఒకటి వెళ్లింది. ఆయన కళ్లు దాని వెంట వెళ్లబోయి, మధ్యలో విడిపోయాయి. ఆయన ఒక కన్ను మూసుకున్నారు. మూసుకున్న కన్నుని వేలితో మెల్లగా తడిమి చూసుకున్నారు, అందులో ఉన్నదెవరో అన్నట్టు. తర్వాత ఫోను తీశారు. అక్షరాలు జారకుండా దూరంగా పట్టుకుని, నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచారు.

"దేవరాజూ, నేను."

"చెప్పండి సాబ్."

"నందిగామలో వానలెట్టా ఉన్నయ్?"

"మీకెంత దూరం సాబ్ నందిగామ? మీకు పడితే మాకూ పడిద్ది."

"అదేలే. మిర్చి రేటు ఎట్టా ఉందంట?"

"నాకు మిర్చి లేదు సాబ్."

రత్తమ్మ గారు నుదురు కొట్టుకున్నారు. బుల్లిబాబు గారు ఆవిడకి ఆగమని చెయ్యి చూపించారు.

"నువ్వు సికింద్రాబాదు ఎట్టా వస్తన్నావు?"

"కారులో సాబ్. మీరు బులెట్ మీదగా. గ్రూపులో చూశా."

"బులెట్ లేదు." ఆయన ఫోను కొంచెం దగ్గరికి జరుపుకున్నారు. "మొక్కజొన్నల మీద జారి పడ్డా. తలకి తగిలింది. కన్ను నిలవట్లా దేవరాజూ."

ఫోన్లో దూరంగా ఒక లారీ హారను మోగి, సన్నబడి, పోయింది.

"ఎవరు చూశారు సాబ్ కన్ను?"

"మా ఆవిడ."

"మేడం చూస్తే ఇక తిరుగులేదు." అవతల నవ్వో, దగ్గో. "ఏం తేల్చారు?"

"నీకు నేనేం తేల్చానో అదే."

తర్వాత దేవరాజ్ గొంతు, ఇందాకటికంటే దగ్గరగా వచ్చింది.

"ఆ రోజుల్లో నాకు రెండు రోడ్లు కనపడేవి సాబ్. ఒకటి కొండ మీద, ఒకటి లోయలో. ఏది అసలుదో తెలియక, పక్కన కూర్చున్నవాణ్ణి కబుర్లలో పెట్టి, వాడు ఎటు చూస్తే అటు తిప్పేవాణ్ణి. ఎవరికీ చెప్పలా. మీకూ చెప్పలా."

"చెప్పక్కర్లా. నీ కన్ను చెప్పింది."

"అయినా కోపం వచ్చింది సాబ్. చాన్నాళ్లుంది. ఇప్పటికీ కొంచెం ఉంది."

"ఉండనీ. కారులో చోటుందా?"

"కోపానికా సాబ్, మీకా?"

"ముందు మా ఆవిడకి. ఆ పక్కన ఎక్కడైనా నాకు."

"ఉంది సాబ్. మేడంకి ముందు సీటు. మీరు వెనక."

"నేనెందుకు వెనక?"

"అన్‌ఫిట్ కదా సాబ్," అన్నాడు దేవరాజ్. ఈసారి అది దగ్గు కాదు.

ఫోను పెట్టేశాక బుల్లిబాబు గారు దాన్ని చాలాసేపు చూశారు, రెండు కళ్లతోనూ. కోపం వచ్చిందేమో అనుకున్నాను. "వెధవ," అన్నారు ఎంతో ప్రేమగా. "మిర్చి లేదంట."

బయల్దేరే రోజు నేను వెళ్లేసరికి కారు గుమ్మం ముందే ఉంది. దేవరాజ్ పొడుగు మనిషి, తల పూర్తిగా నెరిసింది. ఇద్దరూ సెల్యూట్ చేసుకున్నారు. సెల్యూట్ అయ్యాక చేతులు ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. దేవరాజ్ ఆయన ముఖంలోకి వంగి చూశాడు.

"ఎడమదా సాబ్?"

"ఎడమదే."

"నాది కుడి. మూడు నెలల్లో నిలబడింది. పుల్ల ముక్కు దగ్గరికి తెచ్చుకుంటా రోజూ దాన్నే చూడమన్నారు మీరే. చూశా, తిట్టుకుంటా చూశా."

"తిట్టుకుంటా చూసినా పనిచేసిద్ది అది," అన్నారు బుల్లిబాబు గారు.

రత్తమ్మ గారు పట్టుచీర కట్టుకుని, చేతిసంచీలో చక్రాలు, అరిసెలు సర్దుకుని ముందు సీట్లో కూర్చున్నారు. పక్కవీధిలో ఎవరో రేడియో పెట్టారు. బుల్లిబాబు గారు వెనక తలుపు తీసి, ఒక్కసారి మూలన టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ బులెట్ వైపు చూసి, ఏమీ అనకుండా ఎక్కారు. ఎక్కేటప్పుడు తల వంచడం మర్చిపోబోతే దేవరాజ్ చెయ్యి ముందే వెళ్లి తలుపు అంచుకి అడ్డం పడింది. మళ్లీ తగలకూడదు అన్నాడు. అంతే.

కారు కదిలింది. కదిలిందని నేను అనుకున్నాను, కాసేపటికి గానీ ఖాయం కాలేదు. దేవరాజ్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, అద్దం చూసి, ఎడమ చూసి, కుడి చూసి, మళ్లీ అద్దం చూసి, గాజుల పెట్టె మోసుకెళ్తున్నట్టు నడుపుతున్నాడు. జామకాయల తోపుడుబండి ఆవిడ కారుని దాటి వెళ్లింది. సైకిలు మీద పేపరు వేసే మనిషి దాటాడు. ఒక మేక వచ్చి, కారు ముందుకొచ్చి నిలబడి, ఆలోచించుకుని, వెళ్లింది. దేవరాజ్ దానికి దారిచ్చి, అది కనుమరుగయ్యాక గేరు మార్చాడు. ముందు సీట్లో రత్తమ్మ గారు, ఇన్ని వారాల్లో మొదటిసారి, వీపు సీటుకి ఆనించి హాయిగా కూర్చున్నారు.

నేను కారు పక్కనే నడుస్తూ వీధి చివరిదాకా వెళ్లాను. నడుస్తూ వీడ్కోలు చెప్పడం ఎంతో తీరిగ్గా ఉంది. హైవే మలుపు దగ్గర వెనక అద్దం కిందికి దిగింది. బుల్లిబాబు గారు తల కొంచెం బయటికి పెట్టి, దేవరాజ్‌కి వినపడేలాగానే, నాకు మాత్రమే చెప్తున్నట్టు అన్నారు:

"ఇతని కోర్సు పోయింది నావల్లేననుకుని ఇన్నేళ్లూ నిద్రపట్టలేదు మాస్టారూ. ఈ స్పీడు చూశాక తేలింది. నేను ఆపకపోయినా ఇతను టైముకి చేరేవాడు కాదు."